సంపూర్ణమ్మ ఆమేన్ అనలేదు

ఆమోసు తన భార్యను పల్లెత్తు మాట అనడని కృష్ణలంక సంఘమంతా చెప్పుకునేది. అందులో అబద్ధమేమీ లేదు. పెళ్ళయి, కూతురు సుగుణ పుట్టి, ఆ పిల్ల ఐదో తరగతికి వచ్చినా, ఆయన సంపూర్ణమ్మను ముఖం మీద ఒక్క మాట అని ఎరగడు. అనవలసినవన్నీ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో, కళ్ళు మూసుకుని, దేవుడితో చెప్పేవాడు.

మంగళవారంనాడు పప్పు మాడింది. గవర్నర్‌పేట నర్సింగ్‌హోమ్‌లో పగలంతా నిలబడి పనిచేసి, సిటీ బస్సులో ఊపిరాడకుండా నిలబడి, సంపూర్ణమ్మ ఇంటికొచ్చేసరికి కాళ్ళు దుంగల్లా ఉన్నాయి. చీర మార్చుకోకుండానే పంపు స్టవ్ వెలిగించి పప్పు పడేసింది. అంతలో వీధి చివర కుళాయి వచ్చిందని కేకలు వినపడ్డాయి. ఆ నీళ్ళు కాస్సేపే వస్తాయి. అప్పుడు పట్టుకోకపోతే మళ్ళీ తెల్లవారేదాకా చుక్క ఉండదు. పప్పు ఉడగ్గానే స్టవ్ ఆపెయ్యమని మొగుడికి చెప్పి బిందెలు తీసుకుని పరుగెత్తింది. కాలువల ఆఫీసులో గుమాస్తా పని ముగించుకుని, స్నానం కూడా కానిచ్చుకుని, వసారాలో పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న ఆమోసు పేపరు వెనకనుంచి ఊఁ అన్నాడు.

కుళాయి దగ్గర జనం ఉన్నారు. చంకన ఒక బిందె, చేత ఒక బిందె పెట్టుకుని ఆమె తిరిగొస్తుంటే సందు మొదట్లోనే మాడు వాసన కొట్టింది. గుమ్మంలోకొచ్చి చూస్తే ఆమోసు అదే కుర్చీలో ఉన్నాడు. వంటింటి గడపకీ ఆయనకీ మధ్య రెండు బారలు దూరం లేదు. పేపరు కుడిచేత్తో పట్టుకుని, ఎడంచేత్తో జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ జేబురుమాలు చూశాక సంపూర్ణమ్మకు ఒళ్ళు మండిపోయింది. వాసన తగల్లేదంటే పోనీ, పేపర్లో మునిగిపోయాడనుకోవచ్చు. తగిలింది. తగిలి, జేబులోంచి రుమాలు తీసి, మడత విప్పి, ముక్కుకి పెట్టుకునేంత తీరిక దొరికింది. లేచి స్టవ్ ఆపడానికి మాత్రం దొరకలేదు.

"వాసన రాలేదా అండీ?" అంది బిందె దించకుండానే.

"వస్తోంది," అన్నాడాయన శాంతంగా.

ఆమె బిందె దించింది. స్టవ్ ఆపి, గిన్నె దించి, అడుగు కదపకుండా పైపైన పప్పు గరిటెతో తీసింది. ఇంత చింతపండు పిసికి పోసి, వెల్లుల్లి ఎక్కువ వేసి పోపు పెట్టింది. గిన్నెలో బూడిద వేసి నానబెట్టింది.

దీపాల వేళకు చాప పరిచారు. ఆమోసు వాక్యం చదివాడు, మోకాళ్ళూనాడు, ప్రార్థన ఎత్తుకున్నాడు. ఆయన ప్రార్థన చక్కగా ఉంటుందని సంఘంలో పేరు. ముందు స్తోత్రాలు, తర్వాత దేశాన్నేలేవాళ్ళు, డెల్టా రైతులు, కాలువల నీళ్ళు, రోగులు, విధవరాండ్రు. అన్నీ వరసతప్పకుండా వస్తాయి. ఆ వరస అయ్యాక ఒక చిన్న నిట్టూర్పు విడిచి "మరియు ప్రభువా" అంటాడు. ఆ 'మరియు' దగ్గరనుంచి వచ్చేదంతా సంపూర్ణమ్మ వంతు.

"మరియు ప్రభువా, నీ దాసురాలు బయటి రోగుల యెడల చూపు శ్రద్ధను ఈ యింటి పొయ్యి యెడలను చూపునట్లు ఆమెకు మంచి బుద్ధి దయచేయుము. నీవు అనుగ్రహించిన ఆహారము వ్యర్థము కాకుండునట్లు ఆమెకు మెళకువ దయచేయుము. ఆమేన్."

"ఆమేన్," అంది సుగుణ.

సంపూర్ణమ్మ నోరు తెరవలేదు.

ఆ ఇంట్లో ప్రార్థన చివర మూడు ఆమేన్‌లు వినపడటం రివాజు. రెండోది అయ్యాక మూడోది రాకపోయేసరికి ఆమోసు కళ్ళు మూసుకునే కాసేపు ఆగాడు. తర్వాత కళ్ళు తెరిచి భార్యకేసి కాక గోడమీది గడియారంకేసి చూశాడు. భోజనాల దగ్గర మారు పప్పు అడిగి వేయించుకుని, మాడిందని ఒక్క మాట అనకుండా తిని, చెయ్యి కడుక్కున్నాడు.

ఆయన నేరుగా తిడితే బాగుండేదని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. తిడితే తిరిగి అనొచ్చు. దేవుడితో చెప్పేదానికి ఏమని జవాబిస్తుంది? మధ్యలో మాట్లాడితే ప్రార్థన చెడగొట్టినట్టు, చెవులు మూసుకుంటే దేవుణ్ణి కాదన్నట్టు. ఇన్నేళ్ళుగా ఎన్ని విన్నది! తను కుళాయి దగ్గర పకపకా నవ్విందని ఆమెకు దేవుడి ద్వారానే తెలిసింది. ప్రసంగంలో ఆవులించిందనీ, తమ్ముడొస్తే మొగుణ్ణి మరిచిపోయిందనీ, జాకెట్టు వీపు మరీ కిందికి కుట్టించిందనీ దేవుడి ద్వారానే తెలిసింది. అన్నిటికీ కళ్ళు మూసుకుని ఆమేన్ అంది. అంటే, తన మీద రాసిన నేరం కింద తనే వేలిముద్ర వేస్తూ వచ్చిందన్నమాట. పప్పు మాడబెట్టినవాడే ఆమె మాడబెట్టిందని చెబితే దానికింద కూడా వెయ్యమంటే, ఇక ఆమెవల్ల కాలేదు.

బుధవారం నర్సింగ్‌హోమ్‌లో ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. గాజు సిరంజీలు మరిగే గిన్నె ముందు నిలబడి, ఉడికిన సూదుల్ని పటకారుతో ఒక్కొక్కటే తీసి, దూది మీద మొన లాగి చూసింది. మొన వంకర తిరిగి ఉంటే దూది పోగు పట్టుకుంటుంది. అలాంటివి పక్కన పడేసి తర్వాత రాయి మీద సానబెడుతుంది. ఆ రోజు పక్కన పడేసినవే ఎక్కువ ఉన్నాయి.

సూదిమందు గదిలో కాంపౌండరు వెంకటప్పయ్య ఉన్నాడు. బెంచీ మీద మంగళగిరి నుంచి వచ్చిన నేతపని చేసే ముసలాయన వీపున రాచపుండుతో బోర్లా పడుకుని ఉన్నాడు. వెంకటప్పయ్య ఆయనతో మగ్గం సంగతులు అడుగుతూ, కిటికీలో కోతి వచ్చిందని చూపించి, ముసలాయన అటు తల తిప్పగానే సూది దించేశాడు. ముసలాయన ఉలిక్కిపడి ఎగిరాడు. సూది కాస్తా వంగింది. మందు సగం బయటికి కారింది.

సంపూర్ణమ్మ సిరంజీ లాక్కుంది. చెప్పి పొడిస్తే పోయేదేముందని కసురుకుంది.

"చెబితే భయపడతారు సిస్టరు గారూ," అన్నాడు వెంకటప్పయ్య నవ్వుతూ. "చూడనప్పుడు పొడిచామనుకోండి, మనమీద కోపం కూడా రాదు."

ఆ మాటకి ఆమె చెయ్యి ఆగిపోయింది. కొత్త సూది ఎక్కించుకుని ముసలాయన ముఖం వైపు వచ్చి నిలబడి, నొప్పి పుడుతుందనీ, తను చెప్పాకే పొడుస్తాననీ అంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. దవడలు బిగించాడు. బెంచీ అంచుని వేళ్ళతో పట్టుకున్నాడు. ఆ బిగువు వదిలేదాకా ఆమె ఆగింది. వదిలాక, ఇప్పుడు పొడుస్తున్నానని చెప్పి పొడిచింది. ముసలాయన కదల్లేదు. ఆమె కోపం మాత్రం దిగలేదు. చూడనప్పుడు పొడిచేవాళ్ళు నర్సింగ్‌హోమ్‌లోనే కాదు, ఇంట్లోనూ ఉన్నారని ఆ పూటంతా లోపల ఉడికిపోయింది.

ఆ సాయంత్రం 'మరియు' కాస్త పొడుగు పెరిగింది. ఆమోసు కఠిన హృదయాల గురించి మొరపెట్టుకున్నాడు. ఇంటి ఇల్లాలి మౌనం ఇంటికి శాపం కాకుండా చూడమని వేడుకున్నాడు. ఆమేన్ అని ఆగాడు. సుగుణ ఆమేన్ అంది. కాస్సేపు చూసి, గొంతు లావు చేసి, తల్లి గొంతులా ఇంకోసారి ఆమేన్ అంది.

"నా బదులు నువ్వు అనక్కర్లేదు," అంది సంపూర్ణమ్మ. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి ఆమెకు మొగుడి మీద ఇంకో రెండింతలు కోపం వచ్చింది.

భోజనాలయ్యాక ఆమోసు, శుక్రవారం ప్రార్థన కూడిక మనింట్లో పెట్టానని, గన్నవరం నుంచి పాస్టరు ఏసుపాదం అయ్యగారు వస్తున్నారని చెప్పాడు. ఎప్పుడు పెట్టారు, నన్నడిగారా అని ఆమె అడగలేదు. అడిగితే ఆ అడిగినదంతా రేపటి ప్రార్థనలో ఉంటుంది.

గురువారం ఆమెకు డ్యూటీ లేదు. కూడికకు చాపలు ఇవ్వడానికి మార్తమ్మ వచ్చింది. ఆమె సంఘంలో అందరికన్నా పెద్దది. మొగుడు పోయి చాలా కాలమైంది. సంపూర్ణమ్మ కడుపులోది దాచుకోలేక, బియ్యం ఏరుతూ ఏరుతూ సంగతంతా చెప్పేసింది. మార్తమ్మ విని నోరు చప్పరించింది.

"మా ఆయన కర్రతో మాట్లాడేవాడే అమ్మాయ్. మీ ఆయన దేవుడితో మాట్లాడుతున్నాడు. నీకొచ్చిన కష్టం ఏంటి?"

"కర్రయితే కనపడుతుంది గదా అత్తయ్యా. దెబ్బ చూపించుకోవచ్చు. ఇది ఎవరికి చూపించను?"

మార్తమ్మ చేట తన దగ్గరికి లాక్కుంది. చేటలోంచి ఒక మట్టిగడ్డ ఏరి అవతల పారేసి, కాసేపటికి లేచి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక సంపూర్ణమ్మకు ఒక ఆలోచన వచ్చింది. వాళ్ళ సంఘంలో కూడిక ఏ ఇంట్లో జరిగితే ఆ ఇంటి ఇల్లాలే ముగింపు ప్రార్థన చెయ్యాలి. ఎవరూ కాదనడానికి లేదు. రేపు అందరూ కళ్ళు మూసుకుని తన నోటికేసి చెవులు పెట్టి ఉంటారు. ఆమోసు కూడా కళ్ళు మూసుకుని ఉండి తీరాలి. మధ్యలో మాట్లాడటానికి వీల్లేదు. చివర ఆమేన్ అనక తప్పదు.

ఆ ఆనందానికి ఆమె చేతులు చకచకా ఆడాయి. అంట్లు తోముతూ ఒక వాక్యం కట్టింది. మాడుగిన్నెను ఇటుకపొడితో రుద్దుతూ ఇంకోటి కట్టింది. మరియు ప్రభువా, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చున్న నీ దాసునికి కాళ్ళు దయచేయుము. మరియు ప్రభువా, తాను తాగిన గ్లాసు తాను కడుగుకొనుటకు చేతులు దయచేయుము. మరియు ప్రభువా, సంఘం ముందు సాధువుగాను ఇంట్లో చాడీకోరుగాను ఉన్న వానికి ఒకే ముఖము దయచేయుము. గిన్నె తళతళలాడేసరికి ప్రార్థన కూడా తయారైంది. అంత బాగా కుదిరిన ప్రార్థన ఆమె జన్మలో చెయ్యలేదు.

శుక్రవారం సాయంత్రం వసారా నిండిపోయింది. అయ్యగారు పడక్కుర్చీలో కూర్చున్నారు. ఆడవాళ్ళు లోపలి గడపదాకా చాపల మీద ఒదిగి కూర్చున్నారు. పాటలయ్యాయి, వాక్యమైంది. ఆమోసును ప్రార్థించమన్నారు. ఆయన గొంతు సవరించుకుని, దేశాన్ని, డెల్టాను, కాలువల్ని, రోగుల్ని దాటుకుంటూ వచ్చి, నిట్టూర్చి, మరియు ప్రభువా అన్నాడు.

తన గుమ్మంలో, తన చాపల మీద, ఇంతమంది ఉండగా అంటాడని సంపూర్ణమ్మ అనుకోలేదు. అన్నాడు. పేరు చెప్పలేదు. ఆత్మలో అలసి, ప్రార్థనకు ఆమేన్ పలుకుటకు సహితము మనసు రాని ఒక సహోదరి కొరకు సంఘమంతా కన్నీటితో వేడుకోవాలన్నాడు. ఆమేన్ అని ముప్పై గొంతులు ఒక్కసారిగా అన్నాయి. ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఓరగా ఆమెకేసి చూశారు.

"అమ్మా, ఇంటి తల్లి ముగించాలి," అన్నారు అయ్యగారు.

సంపూర్ణమ్మ లేచి నిలబడింది. అందరూ తలలు వంచారు. ఆమె కట్టుకున్న వాక్యాలన్నీ నాలుక చివర వరసగా నిలబడి ఉన్నాయి. మొదటిది వదలబోతూ, మొగుడి ముఖం చూసి వదలాలనిపించి, ఆమె కళ్ళు తెరిచింది.

ఆమోసు కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. దవడలు బిగించాడు. రెండు చేతులతోనూ మోకాళ్ళు పట్టుకుని ఉన్నాడు. ఇప్పుడేం పడుతుందో ఆయనకు తెలుసు. మంగళగిరి ముసలాయన బెంచీ మీద సరిగ్గా ఇలాగే ఉన్నాడు.

ఆమెకు జాలి వెయ్యలేదు. ఒక్క నిమిషం, దించెయ్యాలనే అనిపించింది. ఇన్నేళ్ళు తనను పొడిచింది ఇలాగేగా, తను చూడనప్పుడు! కానీ వెంకటప్పయ్య నవ్వు గుర్తొచ్చింది. ఆ పని తను చెయ్యదు. చేసేవాళ్ళంటేనే తనకు అసహ్యం.

అప్పటికే చాలాసేపైంది. ఎవరో దగ్గారు.

"ప్రభువా," అంది ఆమె, కుళాయి దగ్గర మాట్లాడే గొంతుతోనే. "మా ఇంటికొచ్చిన వాళ్ళందరికోసం స్తోత్రం. నా భర్త మీద నాకు చాలా కోపంగా ఉంది. ఎందుకో ఆయనకే చెబుతాను. నీచేత చెప్పించను. ఆమేన్."

ఎవరూ ఆమేన్ అనలేదు. వంచిన తలలు వంచినట్టే ఉన్నాయి. వీధిలో రిక్షా గంట ఒకటి వినపడి పోయింది.

"ఆమేన్," అంది మార్తమ్మ గోడ దగ్గరనుంచి, కాస్త గట్టిగానే.

దాంతో ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అన్నారు. మగవాళ్ళలో సగంమంది గొణిగారు. అయ్యగారు గబగబా ఆశీర్వాదం చెప్పి, టీ మాట ఎత్తారు. ఆమోసే లేచి గ్లాసులు అందించాడు.

ఆ రాత్రీ మర్నాడు పగలూ ఆ ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. శనివారం సాయంత్రం సంపూర్ణమ్మ డ్యూటీ నుంచి వచ్చి స్టవ్ మీద అన్నం పడేసి, అది ఉడుకుతుండగానే చాప మీదికొచ్చింది. ఆమోసు వాక్యం చదివాడు. ప్రార్థన ఎత్తుకున్నాడు. స్తోత్రాలు, దేశం, డెల్టా, కాలువలు, రోగులు. నిట్టూర్పు వచ్చింది.

"మరియు ప్రభువా," అని ఆగిపోయాడు.

వంటింట్లో స్టవ్ బుస్సుమంటోంది. సంపూర్ణమ్మ కళ్ళు తెరిచి ఆయనకేసే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి ఆయనా కళ్ళు తెరిచాడు.

"సంపూర్ణం," అన్నాడు. "నిన్న అంతమందిలో నా తల కొట్టేసినంత పని చేశావు. నాకు కోపంగా ఉంది."

ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. అందులో దయచేయుములు లేవు. పెళ్ళయినప్పటినుంచీ ఎదురుచూసినది ఇన్నాళ్ళకు దొరికినట్టయింది ఆమెకు.

"ఉండనివ్వండి. నాకూ ఉంది," అంది. "మంగళవారం పప్పు మాడుతుంటే ముక్కుకి గుడ్డ పెట్టుకుని కూర్చున్నారు. లేచి స్టవ్ ఆపితే చేతులు పడిపోతాయా? పైగా నాకు శ్రద్ధ లేదని దేవుడితో చెప్పారు."

ఆమోసు సుగుణకేసి చూశాడు. చాప అల్లిక కేసి చూశాడు.

"నాకు స్టవ్ ఆపడం రాదు," అన్నాడు.

"ఏంటీ?"

"రాదు. ఆ మర తిప్పితే బుస్సుమని గాలి వస్తుంది. కంకిపాడులో మా చిన్నమ్మ ఇంట్లో అలాంటిదే పేలింది. దాని దగ్గరికెళ్ళాలంటేనే నాకు భయం."

"రాదని చెప్పొచ్చుగా నాతో?"

"నవ్వుతావని."

సంపూర్ణమ్మ నవ్వలేదు. నవ్వు వచ్చే సంగతి కాదది. ఒక్క మాట, రాదు అనే ఒక్క మాట, తన ముఖం చూసి చెప్పలేక ఈ మనిషి ఇన్నేళ్ళు దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకా ఇలాంటివి ఎన్ని ఉన్నాయో! ఆలోచించినకొద్దీ ఆమెకు కోపం మళ్ళీ పొంగింది. అదే అంది. గట్టిగా అంది. ఆయనా గట్టిగానే అన్నాడు, తమ్ముడి సంగతీ, నవ్వుల సంగతీ, అన్నీ. ఆమె ఒక్కోదానికీ జవాబు చెప్పింది. సుగుణ చాప అంచున కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అమ్మానాన్నా పోట్లాడుకోవడం ఆ పిల్లకు అదే మొదలు.

అన్నం వాసన మారింది. సంపూర్ణమ్మ లేచింది. నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది.

"రండి," అంది.

ఆయన వచ్చాడు. స్టవ్‌కు అంత దూరంలో నిలబడ్డాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని మర మీద పెట్టింది. వేళ్ళు కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి.

"బుస్సుమంటుంది. భయం వేస్తుంది," అంది. "పేలదు. ఇటు తిప్పాలి. వేళ్ళు వదులు చెయ్యండి."

ఆ వేళ్ళు వదులయ్యేదాకా ఆగింది. ఆయన తిప్పాడు. గాలి బుస్సుమంది, ఆయన తల వెనక్కి లాక్కున్నాడుగానీ చెయ్యి తియ్యలేదు. మంట నీలంగా మారి, కుంగి, ఆరిపోయింది.

"నాన్నా, ప్రార్థన సగంలో ఉంది," అని అరిచింది సుగుణ వసారాలోంచి.

ఇద్దరూ వెళ్ళి చాప మీద కూర్చున్నారు. ఆమోసు కళ్ళు మూసుకున్నాడు. కిరసనాయిలు వాసన వేస్తున్న వేళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ప్రభువా," అన్నాడు. "మంగళవారం పప్పు మాడబెట్టింది నేను. ఆమేన్."

"ఆమేన్," అంది సుగుణ.

సంపూర్ణమ్మకు కోపం ఇంకా దిగలేదు. ఈ ఒక్క మాటతో దిగేదీ కాదు. కానీ ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

"ఆమేన్," అంది.